ఓపిక ఎక్కడ ఖర్చుపెట్టాలి?
మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో జీవితం, ఆక్యుపేషనల్ థెరపీ
(కమలా నింబ్కర్ స్మృతిలో చేసిన ఉపన్యాసం పాఠం)



మన దేశంలో ఆక్యుపేషనల్ థెరపీ అనే వృత్తి నిలబడిందంటే అది కమలా నింబ్కర్ గారి చలవ. ఆమె అమెరికాలో ఒక క్వేకర్ కుటుంబంలో ఎలిజబెత్ లండీగా పుట్టారు. విష్ణు నింబ్కర్ గారిని పెళ్లి చేసుకుని, ఈ దేశంలో స్థిరపడి కమల అయ్యారు. తర్వాత ఫిలడెల్ఫియా వెళ్లి ఈ విద్య నేర్చుకుని వచ్చి, 1950లో బొంబాయి పరేల్‌లోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దీనికి ఒక స్కూలు పెట్టారు. ఆసియాలోనే అది మొదటిది. 1952లో అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం ఏర్పడింది. అదే ఏడాది పుట్టిన ప్రపంచ సమాఖ్యను స్థాపించిన పది దేశాల్లో మనదీ ఒకటి. ఆసుపత్రుల్లో మంచాలకే కరువున్న రోజుల్లో, రోగి ఇంటికెళ్లాక ఎలా బతుకుతాడన్న ప్రశ్న పట్టుకుని ఆమె ఇంత పని చేశారు.

అమెరికాలో 1917లో ఈ వృత్తికి సంఘం పెట్టినవాళ్లలో జార్జ్ బార్టన్ ఒకరు. ఆయన డాక్టరు కాదు, ఆర్కిటెక్టు. క్షయతో, పక్షవాతంతో మంచాన పడి, వడ్రంగం పనీ తోటపనీ చేస్తూ తేరుకున్న మనిషి. ఆ సంఘం తొలి సమావేశం జరిగింది క్లిఫ్టన్ స్ప్రింగ్స్‌లోని ఆయన ఇంట్లోనే. అంటే మా వృత్తికి పునాది వేసినవాళ్లలో ఒక రోగి ఉన్నారు. ఏ పని తనను మళ్లీ మనిషిని చేస్తుందో ఆయనకు ఎవరూ చీటీ రాసివ్వలేదు, ఆయనే తేల్చుకున్నారు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదీ అదే. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) ఉన్న మనిషికి మిగిలిన ఓపిక దేనిమీద ఖర్చుపెట్టాలో నిర్ణయించే హక్కు ఆ మనిషిది. డాక్టరుదీ కాదు, థెరపిస్టుదీ కాదు, ఎంత ప్రేమ ఉన్నా ఇంటివాళ్లదీ కాదు.

జబ్బు సంగతి

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో మన రోగనిరోధక వ్యవస్థ మన మెదడు, వెన్నుపాము, కంటి నరాల మీదికే తిరగబడుతుంది. నరాల పోగుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. సంకేతాలు వేగంగా, చెదరకుండా వెళ్లేది దానివల్లే. ఆ పొర అక్కడక్కడా వాచి, ఊడి, మచ్చలు కడుతుంది. మచ్చ ఎక్కడ పడితే ఇబ్బంది అక్కడిది. ఒకరికి ఒక కన్ను మసకబారుతుంది. ఒకరికి నడుం కింద తిమ్మిరెక్కుతుంది. ఒకరికి మూత్రం ఆపుకోవడం చేతకాదు. ఒకరికి చేతిలో కాఫీ గ్లాసు వణుకుతుంది. ఎక్కువమందికి మొదట్లో ఇది వచ్చి పోతుంటుంది, కొందరికి మొదటి నుంచీ మెల్లగా ముదురుతుంది.

పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో షార్కో అనే వైద్యుడు 1868లో దీన్ని ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించి వివరించారు. అంతకు ముందే దీనితో బతికిన ఒకాయన డైరీ మనకు దొరికింది. ఇంగ్లండు రాజు మూడో జార్జికి మనవడైన అగస్టస్ డెస్టే 1822లో ఒక ఆప్తుణ్ని చూడటానికి స్కాట్లండు వెళ్లారు. వెళ్లేసరికి ఆ మనిషి పోయారు. అంత్యక్రియల తర్వాత డెస్టేకు చూపు మసకబారింది. వచ్చిన ఉత్తరాలు ఇంకొకరి చేత చదివించుకున్నారు. కొన్నాళ్లకు చూపు తిరిగి వచ్చింది, ఆపైన ఏళ్ల తరబడి కాళ్లూ ఒళ్లూ ఒక్కొక్కటిగా ఇబ్బంది పెట్టాయి. వైద్యులు కంటి నరం వాపు అని రాసే చోట ఆయన తన ఉత్తరం తాను చదువుకోలేకపోయానని రాసుకున్నారు. న్యూరాలజిస్టుకు మొదటిది కావాలి. మా పని రెండోదాని దగ్గర మొదలవుతుంది.

ఈ జబ్బు ఎక్కువగా బయటపడేది 20, 40 ఏళ్ల మధ్యలో. చదువు అయిపోయి, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ ఒక్కసారి మీద పడే వయసు అది. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో కనీసం రెట్టింపు. 2020 నాటి అంతర్జాతీయ లెక్కల ప్రకారం ప్రపంచంలో 28 లక్షల మందికి ఎం.ఎస్. ఉంది. ఇది చల్లటి దేశాల జబ్బనీ మనకు రాదనీ చాలాకాలం అనుకున్నారు. ఎంఆర్ఐ యంత్రాలు వచ్చాక ఆ నమ్మకం పోయింది. మన దగ్గర కూడా, 'నరాల బలహీనత' అని బీకాంప్లెక్స్ మాత్రలతో ఏళ్లు గడిపినవాళ్లలో కొందరికి ఉన్నది ఇదేనని ఇప్పుడు తెలుస్తోంది.

మందుల విషయంలో గత ముప్ఫై ఏళ్లు గొప్ప కాలం. 1993లో అమెరికాలో ఇంటర్‌ఫెరాన్ బీటాకు అనుమతి వచ్చేదాకా ఈ జబ్బు దారి మళ్లించే మందే లేదు. ఇప్పుడు పదిహేనుకు పైగా ఉన్నాయి. మొదటి నుంచీ ముదిరే రకానికి కూడా 2017లో ఒక మందు దొరికింది. ఇవి కొత్త దాడులను తగ్గిస్తాయి, అందుకే వీలైనంత త్వరగా మొదలుపెట్టాలి. కానీ పోయిన స్పర్శను, పట్టును, ఓపికను అవి తిరిగి తెచ్చిపెట్టవు. మందు పనిచేస్తున్నా మనిషికి రోజు గడవకపోవచ్చు.

నడకతో కొలిస్తే కనపడనిది

ఎం.ఎస్. తీవ్రతను కొలవడానికి ప్రపంచమంతా వాడే స్కేలు జాన్ కర్ట్‌స్కే 1983లో స్థిరపరచినది. సున్నా నుంచి పది దాకా ఉంటుంది. నాలుగు దాటాక స్కోరు చాలావరకు నడక మీదే ఆధారపడుతుంది. ఆరు అంటే వంద మీటర్లు నడవడానికి ఒక చేతికర్ర ఆసరా కావాలి. మందు పనిచేస్తోందా లేదా తేల్చడానికి ఇది అవసరమే. కానీ మనిషి జీవితం ఎలా ఉందో ఇది చెప్పదు. స్కోరు రెండే ఉన్న అమ్మాయి, మధ్యాహ్నానికి తల పనిచేయక ఉద్యోగం మానేయవచ్చు. స్కోరు ఏడు ఉన్నాయన వీల్‌చెయిర్‌లో కూర్చుని కొట్టు నడుపుతూ ఉండవచ్చు.

నడకలో కనపడనివాటిలో మొదటిది అలసట. ఎం.ఎస్. ఉన్న ప్రతి నలుగురిలో కనీసం ముగ్గురికి ఇది ఉంటుంది. చాలామంది తమను అన్నిటికంటే ఎక్కువ కుంగదీసేది ఇదేనంటారు. రాత్రంతా నిద్రపోయి లేచినా ఒళ్లు లేవదు. కాసేపు పనిచేస్తే నాలుక మొద్దుబారుతుంది, కాలు ఈడుస్తుంది. బయటికి మాత్రం ఏమీ కనపడదు. "చూడ్డానికి బాగానే ఉన్నావుగా!" అన్న మాట విని విని, మనుషుల్లోకి రావడమే మానేసినవాళ్లు నాకు తెలుసు.

రెండోది జ్ఞాపకం, ఏకాగ్రత. ఎం.ఎస్. ఉన్నవాళ్లలో ఇంచుమించు సగం మందికి ఏదో ఒక స్థాయిలో ఈ ఇబ్బంది ఉంటుంది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతారు, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే అందుకోలేరు. ఇంట్లో దీన్ని నిర్లక్ష్యం అనుకుంటారు. మూడోది మూత్రం. బాత్రూం ఎక్కడుందో తెలియక పెళ్లిళ్లకు, తీర్థాలకు, చివరికి పుట్టింటికి కూడా వెళ్లడం మానేస్తారు, ఎందుకు మానేశారో ఎవరికీ చెప్పరు.

ఒక ఉదయం

మేం ఏం చేస్తామో ఒక ఉదయం తీసుకుని చూపిస్తాను. గుర్తుపట్టే వివరాలు పక్కనపెట్టి చెబుతున్నాను.

ఆమె ఒక స్కూల్లో సోషల్ టీచరు. ఇంట్లో భర్త, అత్తగారు, మూడో తరగతి చదివే కూతురు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కెనడా థెరపిస్టులు 1990ల మొదట్లో తయారుచేసింది. ఏ పనులు కష్టమవుతున్నాయో రోగినే చెప్పమంటాం. వాటిలో తనకు బాగా ముఖ్యమైనవి ఎంచుకుని, ఇప్పుడు ఎంత బాగా చేయగలుగుతున్నారో, దానితో ఎంత తృప్తిగా ఉన్నారో పదికి ఎంతో తామే వేసుకోవాలి. ఏ పని దగ్గర ఎక్కువ బాధగా ఉందని ఆమెను అడిగాను. నడక అంటుందనుకుని పక్కన భర్త తలూపుతున్నాడు.

"పాప జడలు మేడమ్," అంది. "రెండు జడలు వేసి, మడిచి, రిబ్బన్లు కట్టి పంపాలి. స్కూల్లో రూలు. నా వేళ్లకి పాయలు తెలియట్లేదు. అత్తయ్య వేస్తున్నారు. పాప ఇప్పుడు దువ్వెన పట్టుకుని నా దగ్గరికి రావడం మానేసింది."

జడ వేయడానికి పదికి రెండు వేసుకుంది. తృప్తికి ఒకటి.

ఇంటికెళ్లి ఆ ఉదయాన్ని మొదటి నుంచి చూశాం. లేవగానే గీజరు వేడినీళ్లతో స్నానం. తడి తలతోనే పొయ్యి ముందు నిలబడి టిఫిను, కూర, మూడు డబ్బాలు. ఆ తర్వాత జడ. మైలిన్ ఊడిన నరంలో ఒంటి వేడి కొద్దిగా పెరిగినా సంకేతం నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. స్నానం, పొయ్యి రెండూ ఆమె ఒంటిని వేడెక్కించాక, నిలబడి కాళ్ల ఓపిక అంతా అయిపోయాక, అన్నిటికంటే సున్నితమైన వేలి పని ఆమె ముందుకు వస్తోంది. అది కుదరకపోవడంలో ఆశ్చర్యం లేదు.

వరస మార్చాం. పాప పాలు తాగేటప్పుడే జడ. ఆమె కిటికీ పక్కన వీపుకి ఆసరా ఉన్న కుర్చీలో, పాదాలు నేలకు ఆనేలా కూర్చుంటుంది. పాప ఆమె మోకాళ్ల మధ్య పీట మీద కూర్చుంటుంది. మోచేతులు తన తొడల మీద ఆనించుకుంటే చేతుల బరువు భుజాలు మోయక్కర్లేదు. వేళ్లకు తెలియనిది కళ్లు చూసుకోవాలి, అందుకే కిటికీ వెలుతురు. జుట్టు కాస్త తడి చేస్తే పాయలు చెదరవు. దువ్వెన పిడికి గుడ్డ చుట్టి లావు చేశాం. రిబ్బను ముడి మాత్రం ఎంత ప్రయత్నించినా కుదరలేదు. రబ్బరు బ్యాండ్లకు రిబ్బను పువ్వులు ముందే కుట్టి పెట్టేశాం. స్నానం సాయంత్రానికి మారింది, గోరువెచ్చని నీళ్లతో, స్టూలు మీద కూర్చుని. కూరగాయలు రాత్రే భర్త తరిగిపెడతాడు.

అత్తగారు నొచ్చుకున్నారు. "నేను వేస్తే ఏం పోయిందమ్మా? దానికి శ్రమ తగ్గుతుందనే కదా!" అన్నారు.

"మీరు చేసేది మంచిదేనమ్మా. పొయ్యి దగ్గర శ్రమ మీరు తీసుకోండి, జడ మాత్రం ఆమెకి వదిలేయండి," అన్నాను.

కొన్ని వారాల తర్వాత అదే కాగితం మీద జడకు ఆమె ఏడు వేసుకుంది. ఎంఆర్ఐలో ఒక్క మచ్చా తగ్గలేదు. నడక స్కోరు కదల్లేదు. కానీ పొద్దున్నే దువ్వెన మళ్లీ ఆమె దగ్గరికి వస్తోంది.

అలసటకు లెక్క

ఓపిక ఆదా చేసుకోండి అని మేం చెప్పేది మంచాన పడుకోమని కాదు. ముందుగా చికిత్స ఉన్న కారణాలు వెతకాలి. రాత్రి మూత్రం కోసం నాలుగుసార్లు లేస్తే పొద్దున నీరసం రాక మానదు. రక్తహీనత, థైరాయిడ్, కుంగుబాటు, వాడుతున్న మాత్రలు కూడా కారణం కావచ్చు. ఇవి డాక్టరు సరిచేయగలిగినవి. ఆ తర్వాత రోజు డైరీ రాయిస్తాం. ఏ గంటలో ఏ పని చేశారు, ఎప్పుడు కూలబడ్డారు అని. డైరీ ముందు పెట్టుకుంటే నాలుగు ప్రశ్నలు వస్తాయి. ఈ పని నేనే చేయాలా? ఇప్పుడే చేయాలా? నిలబడే చేయాలా? ఇంత బాగా చేయాలా? చివరి ప్రశ్న దగ్గర మన ఆడవాళ్లు చాలాసేపు ఆగుతారు.

పూర్తిగా అలిసిపోయాక తీసుకునే విశ్రాంతి పెద్దగా పనిచేయదు, అలసట రాకముందే తీసుకోవాలి. తగిన వ్యాయామం శత్రువు కాదు, ఓపికను పెంచేదే. ఈ పద్ధతులన్నీ కలిపి ఆరు వారాల కోర్సుగా ఆక్యుపేషనల్ థెరపిస్టు టాన్యా పాకర్ బృందం రూపొందించింది. అమెరికాలో వర్జిల్ మాథియోవెట్జ్, సహచరులు దాన్ని ఎం.ఎస్. ఉన్న 169 మంది మీద పరీక్షించి 2005లో ఫలితాలు ప్రకటించారు. అలసట జీవితం మీద చూపే దెబ్బ తగ్గింది, తమ రోజును తాము నడుపుకోగలమన్న నమ్మకం పెరిగింది. ఏడాది తర్వాత చూసినా ఆ మేలు నిలిచింది. అయితే అంతకు ముందు, 2003లో, వైద్య అధ్యయనాలను కలిపి తూచే కోక్రేన్ సమీక్ష ఎం.ఎస్.లో ఆక్యుపేషనల్ థెరపీకి ఆధారాలు చాలవని తేల్చింది. అప్పటికి సమీక్షకు అందిన అధ్యయనాలు మూడే. అందుకే విద్యార్థులకు చెబుతున్నాను: మీ ప్రతి కేసునూ ముందూ తర్వాతా కొలిచి రాయండి. మన ఇళ్లలో, మన వంటగదుల్లో ఏది పనిచేస్తుందో కెనడా వాళ్లు రాసిపెట్టరు.

ఎండ

కంటి వైద్యుడు ఊట్‌హాఫ్ 1890లోనే గమనించారు, ఈ రోగుల్లో శ్రమ చేశాక చూపు తగ్గి, కాసేపు ఆగితే తిరిగి వస్తుందని. ఒంటి వేడే దానికి కారణమని తర్వాత తేలింది. దీన్ని కనిపెట్టినవాళ్లు రోహిణి కార్తె చూడలేదు. మే నెలలో మన ఊళ్లలో ఎం.ఎస్. ఉన్నవాళ్లు పడే బాధ చల్లటి దేశాల పుస్తకాల్లో సగమే ఉంటుంది. వేడికి కాళ్లు చచ్చుబడగానే జబ్బు మళ్లీ తిరగబెట్టిందని భయపడి స్టెరాయిడ్ల కోసం పరుగెత్తుతారు. ఒళ్లు చల్లబడితే తగ్గిపోయేది కొత్త దాడి కాదు. ఇరవై నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే, జ్వరం ఉంటే, వెంటనే డాక్టరుకు చెప్పాలి.

కూలరు, ఏసీ ఈ మనుషులకు విలాసం కాదు, చేతికర్ర లాంటి పరికరమే. మెడచుట్టూ తడి తువ్వాలు, చల్లటి మజ్జిగ, బయటి పనులన్నీ పదింటిలోపు, పండగ పిండివంటలు ముందు రోజు సాయంత్రం కూర్చుని. వేసవిలో పరీక్షల డ్యూటీ, ఎన్నికల డ్యూటీ పడే ఉద్యోగులకు ఈ సంగతి సర్టిఫికెట్ మీద రాసి ఇవ్వాల్సింది మనమే.

ప్రేమ పేరుతో తీసేసుకునేవి

మన కుటుంబాలు రోగిని వదిలేయవు. ఆ బలం చాలా దేశాల్లో లేదు. కానీ జబ్బు పేరు తెలిసిన మర్నాటి నుంచి "నువ్వు కూర్చో, మేం చూసుకుంటాం" మొదలవుతుంది. వంట తీసేస్తారు, డబ్బు లెక్కలు తీసేస్తారు, పిల్లల చదువు తీసేస్తారు. కష్టమైన పనితో పాటు ఇష్టమైన పనీ పోతుంది. కొన్నాళ్లకు ఆ ఇంట్లో ఆమె చేసే పని ఏదీ ఉండదు, ఆమెను అడిగి చేసే పనీ ఉండదు. పని తగ్గించే ముందు ఆమెను అడగండి. ఆమె ఉంచుకుంటానన్న పని మీ కంటికి చిన్నదిగా కనిపించినా ఆమెకే ఉండనివ్వండి.

వీల్‌చెయిర్ గురించి కూడా ఒక మాట. అది ఓటమి కాదు. ఫంక్షన్ హాలు గేటు నుంచి మండపం దాకా నడిచి ఓపికంతా అక్కడే పోగొట్టుకునే కంటే, కుర్చీలో వెళ్లి ఆ ఓపికతో నలుగురితో మాట్లాడి, అక్షింతలు వేసి, భోంచేసి రావడం మంచి జీవితం.

కొన్ని పనులు నిజంగానే పోతాయి. చెల్లో వాద్యకారిణి జాక్విలిన్ డుప్రే ప్రపంచమంతా మెచ్చిన కళాకారిణి. 1973లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో ఎం.ఎస్. అని తేలింది. తీగల మీద వేళ్లకు స్పర్శ పోయింది, కచేరీలు ఆగిపోయాయి. తర్వాత ఆమె శిష్యులకు పాఠాలు చెప్పారు. 1987లో నలభై రెండేళ్లకే వెళ్లిపోయారు. పాఠం చెప్పడం కచేరీకి సాటి అని నేను అనను, ఆ నష్టం నష్టమే. చేతులు చేయలేని చోట కూడా ఆ విద్యలో ఆమెకు స్థానం మిగిలిందన్నదే నేను చెప్పేది. అలాంటి స్థానం వెతకడం మా పనిలో భాగం.

ఉద్యోగం, చట్టం

వికలాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ సంస్థ ఆ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పని చేసుకోవడానికి తగిన సర్దుబాట్లు చేయాలి. టీచరుకు క్లాసులో ఎత్తు కుర్చీ, కింది అంతస్తులో గది, మధ్యాహ్నం పూట ఒక ఖాళీ పీరియడ్, పక్కనే బాత్రూం. వీటికి పెద్ద ఖర్చు లేదు, అడిగేవాళ్లు కావాలి. జబ్బు సంగతి తెలిస్తే పెళ్లి కాదనీ ఉద్యోగం పోతుందనీ దాచుకుని, సర్దుబాటు అడగలేక రాజీనామా చేసేవాళ్లే ఎక్కువ. 1985లో ముంబైలో మొదలైన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా లాంటి సంఘాల విలువ ఇక్కడే. అడగటం ఎలాగో అప్పటికే అడిగినవాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు.

ఇప్పుడు చేయాల్సింది

న్యూరాలజిస్టులకు నా మనవి. మా దగ్గరికి రోగిని కర్ర పట్టాక పంపకండి, జబ్బు పేరు చెప్పిన నెలలోనే పంపండి. ఉద్యోగం మానేయకముందు మేం చేయగలిగింది చాలా ఉంది, మానేశాక చాలా తక్కువ. ప్రభుత్వానికి మనవి. 2021లో అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం వచ్చింది, మా వృత్తికి అందులో చోటుంది. ఆ చోటు జిల్లా ఆసుపత్రుల్లో పోస్టుల రూపంలో కనిపించాలి. విద్యార్థులకు చెప్పేది: ఇళ్లకు వెళ్లండి. గడప ఎంత ఎత్తుందో, నీళ్ల బిందె ఎక్కడుందో, దేవుడి గూడు ముందు ఆమె ఎలా కూర్చుంటుందో క్లినిక్ గదిలో తెలియదు. ముగ్గు, పూజ, పచ్చళ్లు, పొలం పని, ఆటో ఎక్కడం అన్నీ మన ప్రశ్నపత్రంలో ఉండాలి, తెలుగులో ఉండాలి.

ఎం.ఎస్.తో బతుకుతున్న మిత్రులకు చివరి మాట. ఇవాళ రాత్రి ఒక కాగితం మీద ఐదు పనులు రాయండి. చేయగలిగినవి కాదు, చేయకపోతే మీరు మీరుగా ఉండలేరనిపించేవి. అవి మీ ఇంటివాళ్లకు చూపించండి, ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఎంఆర్ఐ ఫిల్ముతో పాటు డాక్టరు బల్ల మీద పెట్టండి. ఆ ఐదింటికి ఓపిక మిగలాలంటే మిగతావాటిలో ఏది మార్చాలో, ఏది వదలాలో, ఏది ఎవరికి అప్పగించాలో చూడటానికి మేమున్నాం. అయితే ఆ జాబితా మాత్రం మేం రాయలేం. మీరే రాయాలి.